ఖాజా భాయ్ పావురాల మీద నేనిచ్చిన తీర్పు

క్లినిక్ మూసేసిన రోజు బోర్డు దింపడానికి వచ్చిన మనిషి, "గింత పొడుగు పేరెందుకు పెట్టుకున్నరు సార్?" అని అడిగాడు. నా పేరు చిన్నదే. దాని వెనక తోకలా ఉన్న డిగ్రీలు పొడుగు. అవన్నీ పట్టడానికి ఆ బోర్డును రెండుసార్లు పెద్దది చేయించాను. ఇప్పుడది మా మేడ మీద నీళ్ళ ట్యాంకుకు ఎండ తగలకుండా అడ్డం పెట్టి ఉంది. ఇన్నేళ్ళలో ఆ బోర్డు వల్ల కలిగిన ఉపయోగం ఇదేనని మా ఆవిడ అంటుంది.

శంషాబాద్ ఊళ్ళో, పెద్ద రోడ్డుకు ఒక సందు లోపల, ఇరవై ఏళ్ళకు పైగా ఛాతీ డాక్టరుగా పనిచేశాను. అంతకుముందు ఒక వైద్య కళాశాలలో మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో పాఠాలు చెప్పాను. మాది తెనాలి వైపు. నా భాష విని రోగులు మొదట్లో నన్ను టీవీలో వార్తలు చదివే మనిషిని చూసినట్టు చూసేవారు. నేను చెప్పింది గౌరవంగా వినేవారు. బయటికి వెళ్ళి, నేను చెప్పినదేమిటో క్లినిక్‌లో పనిచేసే మా పద్మను అడిగి తెలుసుకునేవారు.

ఛాతీ వైద్యంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి అనుభవాలు చెప్పమంటారు. కప్పించుకున్న శాలువాల గురించి చెబితే వాళ్ళకేం లాభం? తప్పులు చెబితే కనీసం నవ్వుకుంటారు. వాటిలో ఒకటి మాత్రం నవ్వుకునేది కాదు. అది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను, కాకపోతే దాని దగ్గరికి రావడానికి కాస్త చుట్టూ తిరగక తప్పదు.

ఉంగరం చెప్పిన పాఠం

కళాశాలలో నా మీద ఒక ప్రొఫెసరు గారు ఉండేవారు. సన్నగా, తెల్లని పొట్టి చేతుల చొక్కాతో, ఎవరి మాటా సగంలో ఆపని మనిషి. నేను ఆయన దగ్గర చేరిన కొత్తలో చేసిన పని ఏమిటంటే, జంతువు శ్వాసనాళం నుంచి కోసిన చిన్న ఉంగరాన్ని ఉప్పునీళ్ళ గొట్టంలో వేలాడదీయడం. ఉంగరం పై అంచుకు దారం కట్టి, ఆ దారాన్ని ఒక సన్నని పుల్లకు తగిలిస్తాం. పుల్ల కొస మసి పట్టిన కాగితం మీద గీత గీస్తుంది.

నీళ్ళలో ఎసిటైల్‌కోలిన్ ఒక చుక్క వేస్తే ఉంగరంలోని కండరం బిగుసుకుంటుంది, పుల్ల కదిలి గీత పైకి లేస్తుంది. అడ్రినలిన్ ఒక చుక్క వేస్తే కండరం వదులవుతుంది, గీత కిందికి దిగుతుంది. మన ఊపిరి గొట్టాల చుట్టూ ఉన్న కండరం కథ కూడా ఇంతే. మెదడు నుంచి దిగే నరం కొసన ఎసిటైల్‌కోలిన్ ఊరుతుంది, అది గొట్టాన్ని ముడుచుకోమంటుంది. భయం వేసినా, కోపం వచ్చినా మూత్రపిండాల మీద ఉన్న గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది, గొట్టాన్ని తెరుచుకోమంటుంది. దుమ్మో పుప్పొడో పడని వాళ్ళలో హిస్టమిన్ లాంటివి మధ్యలో దూరి ముడుచుకోమనే వైపు చేరతాయి. కండరానికి సొంత అభిప్రాయం లేదు. ఏ కబురు వస్తే అది చేస్తుంది, కబురు వచ్చి తట్టే తలుపు మూసేస్తే ఏమీ చేయదు.

ఈ మూడు ముక్కలూ తెలియగానే నాకు ఊపిరి సంగతంతా తెలిసిపోయిందనుకున్నాను. ఒకరోజు ప్రొఫెసరు గారు నా గీతలు చూసి, "బాగా గీశావు. ఈ ఉంగరానికి ఇల్లు లేదు, ఇరుగుపొరుగు లేరు, కాపురం లేదు. రేపు నీ దగ్గరికి వచ్చేవాళ్ళకు అవన్నీ ఉంటాయి, గుర్తుపెట్టుకో" అన్నారు. ఆయన పెద్దవారు కదా, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నారనుకున్నాను. ఆ మాట నోటు పుస్తకంలో కూడా రాసుకోలేదు.

మల్లేష్ దొంగ దమ్ము

ఇక్కడ ఉబ్బసాన్ని దమ్ము అంటారు. క్లినిక్ పెట్టిన కొత్తలో మల్లేష్ అని ఒక కుర్రాడు వచ్చేవాడు. ఎయిర్‌పోర్టుకు మనుషుల్ని దింపే క్యాబ్ నడిపేవాడు. ఒక ఉదయం పిల్లికూతలతో వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఈలోగా బయట అతని బండికి ట్రాఫిక్ వాళ్ళు తాళం వేయబోతున్నారని తెలిసింది. పరుగెత్తి వెళ్ళి, పావుగంట పోట్లాడి, తిరిగి వచ్చాడు. స్టెతస్కోపు పెడితే ఛాతీలో కూత లేదు.

"ఇంతకుముందు అంత ఆయాసం, ఇప్పుడు ఏమీ లేదా అండీ?" అన్నాను. నా 'అండీ'లో ఉన్న వెటకారం అతనికి అర్థమయింది.

"నేనేం నకరాలు చేస్తలేను సార్. గప్పుడు నిజంగనే దమ్మొచ్చింది" అన్నాడు.

సెలవు కోసం చీటీ కావాలేమో అనుకుని, రెండు మంచి మాటలు చెప్పి పంపేశాను. గంట తిరగకుండా ఇద్దరు మనుషుల భుజాల మీద తిరిగి వచ్చాడు, పెదాలు నీలం తిరిగి ఉన్నాయి. అప్పటికి కోపం చల్లారింది, కోపంతో పాటు అడ్రినలిన్ కూడా. గొట్టాలు మళ్ళీ ముడుచుకున్నాయి. ట్రాఫిక్ వాళ్ళు చేసిన వైద్యం పావుగంట పనిచేసింది, నేను చేసింది అసలు పనిచేయలేదు. ఇదే పాఠాన్ని పదేళ్ళపాటు బోర్డు మీద రంగు సుద్దలతో గీసి చెప్పిన మనిషిని నేను.

మల్లేష్‌కు ఆక్సిజన్ పెట్టి, మందు పీల్పించి, గండం గట్టెక్కించాం. మా పద్మ ఆ రోజు ఆక్సిజన్ గొట్టం చుట్టి పెడుతూ నన్ను ఒక చూపు చూసింది. పద్మ అంటే నా క్లినిక్‌లో ఊపిరి పరీక్షలు చేసే అమ్మాయి. బుద్వేల్ నుంచి బస్సులో వచ్చేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ చూపే నాకు ఎక్కువ గుచ్చుకునేది.

పావురాలు

ఇక అసలు సంగతి. రహమత్ బీ, ఆమె భర్త ఖాజా భాయ్ మామిడిపల్లి నుంచి వచ్చేవారు. ఆయన టైలరు. ఎయిర్‌పోర్టులో పనిచేసే వాళ్ళకు యూనిఫాంలు కుట్టేవాడు. ఆమెకు అరవై దాటాయి. కొన్ని నెలలుగా ఆయాసం, రాత్రీ పగలూ కూత. నాలుగు మెట్లెక్కితే కూలబడేది. బీపీ గోలీలు కొన్ని ఉబ్బసానికి పడవని నాకు బాగా తెలుసు కాబట్టి, ఆ తెలివి ప్రదర్శిస్తూ, "ఏమేం గోలీలు వేసుకుంటారమ్మా?" అని అడిగాను. "ఏం ఏసుకోను సాబ్. షుగర్ లేదు, బీపీ లేదు" అంది.

తరువాత ఇంట్లో ఏముంటాయని అడిగాను. మేడ మీద పావురాల గూడు ఉందని తెలిసింది. ఖాజా భాయ్ తండ్రి కాలం నుంచి ఉన్నవట. విమానాల దారి కాబట్టి ఎగరేయడం ఎప్పుడో మానేశాడు, గూట్లో పెంచుకోవడమే. ఇరవై దాకా ఉన్నాయి. నా మొహం వెలిగిపోయిందని పద్మ తరువాత చెప్పింది.

పావురాల ధూళి వల్ల ఊపిరితిత్తులు చెడిన వాళ్ళను నేను చూశాను. అది నిజం. అందుకే తప్పు అంత ధీమాగా చేయగలిగాను. వాటిని వెంటనే పంపించేయమన్నాను.

రహమత్ బీ ఒప్పుకోలేదు. "గవ్విటి తోని కాదు సాబ్. ముప్పై ఏండ్ల సంది గవ్వి తినే గింజలు నేనే జల్లెడ పడుతున్న. గన్నేండ్లు రాని దమ్ము ఇప్పుడెట్లొస్తది?"

మంచి ప్రశ్న. ఒక విద్యార్థి అడిగి ఉంటే మెచ్చుకునేవాణ్ణి. రోగి అడిగింది కాబట్టి నవ్వి ఊరుకున్నాను. ఖాజా భాయ్ వైపు తిరిగి, "చూడండి, ఆ ధూళి గూట్లోనే ఉండిపోదు. మీ బట్టల్లో ఉంటుంది, జుట్టులో ఉంటుంది. మీరే మోసుకెళ్ళి ఆమె ముక్కు దగ్గర పెడుతున్నారు" అన్నాను. చెప్పినది అవతలి మనిషి మనసుకు తగిలితే డాక్టర్లకు భలే తృప్తిగా ఉంటుంది. ఆయన మొహం చూసి నాకూ అలాగే అనిపించింది.

పావురాలు పాతబస్తీలో బావమరిది ఇంటికి వెళ్ళాయి. మూడో రోజుకు ఆరు తిరిగి వచ్చాయి. మళ్ళీ తీసుకెళ్ళి దింపితే నాలుగు వచ్చాయి. ప్రతిసారీ ఆయన వచ్చి నేరం ఒప్పుకుంటున్నట్టు నాకు చెప్పేవాడు, నేను "అందుకే తగ్గట్లేదు" అనేవాణ్ణి. చివరకు వికారాబాద్ వైపు ఎవరికో ఇచ్చేశాడు. అవి మళ్ళీ రాలేదు. దమ్ము మాత్రం ఎక్కడికీ పోలేదు.

నేను వెనక్కి తగ్గానా? "ధూళి నెలల తరబడి ఇంట్లో ఉంటుంది" అన్నాను. పీల్చే మందు ఎందుకు పనిచేయడం లేదంటే, ఆమెకు సరిగా పీల్చడం రావడం లేదన్నాను. పద్మ ఆమె చేత పదిసార్లు పీల్పించి చూసి, "మంచిగనే గుంజుతుంది సార్" అంది. నేను వినలేదు. ఇంకో రకం మందు ఇస్తే కాస్త ఉపశమనం వచ్చింది. మొదటి మందు అడ్రినలిన్‌లా గొట్టాన్ని తెరిచేది, రెండోది ఎసిటైల్‌కోలిన్ కబురును ఆపేది. ఒకటి పనిచేయక, ఇంకోటి పనిచేస్తోందంటే ఏ తలుపు మూసుకుపోయిందో రెండో సంవత్సరం విద్యార్థి కూడా చెప్పాలి. నేను మాత్రం మందుల కంపెనీల నాణ్యత పడిపోయిందని భోజనాల దగ్గర మా ఆవిడకు ఉపన్యాసం ఇచ్చాను.

ఆ రోజుల్లో ఇంకొకటి గమనించాను, అదీ తప్పుగానే. ఖాజా భాయ్ లోపలికి రావడం మానేశాడు. భార్యను గుమ్మం దాకా తీసుకొచ్చి బయటే నిలబడేవాడు. ఆడవాళ్ళ పరీక్ష కాబట్టి దూరంగా ఉంటున్నాడనుకుని, ఎంత మర్యాదస్థుడో అని పద్మతో మెచ్చుకున్నాను.

రెండోసారి ఊదినప్పుడు

ఎనిమిది నెలలు గడిచాక, మళ్ళీ ఊదే పరీక్ష చేద్దామన్నాను. దీనిలో రోగి ఒకసారి గట్టిగా ఊదాలి. తరువాత పీల్చే మందు ఇచ్చి, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, మళ్ళీ ఊదిస్తాం. మందు పనిచేస్తే రెండోసారి అంకె పెరగాలి. పెరగకపోతే ఉన్నచోటే ఉండాలి. అందుకోసం ఆ ఉదయం ఏ మందూ వాడకుండా రమ్మని ముందే చెబుతాం.

పద్మ కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. మొదటిసారి అంకె నేననుకున్నదాని కంటే బాగుంది. రెండోసారి బాగా పడిపోయింది.

"కాగితాలు తారుమారు చేశావు" అన్నాను.

"చెయ్యలే సార్."

"అయితే మిషన్ పాడయింది."

పద్మ వెళ్ళి తనే ఊది, ఆ కాగితం కూడా తెచ్చి పెట్టింది. మిషన్ శుభ్రంగా ఉంది. చెడింది ఏదైనా ఉంటే అది మిషన్‌కు ఇవతల, కుర్చీలో కూర్చుని ఉంది.

"ఈ ఇరవై నిమిషాల్లో ఆమె ఏం చేసింది?" అన్నాను.

"ఏం చెయ్యలే సార్. కూసున్నది. పొద్దున ఏ మందు వాడొద్దన్నం గద, కండ్లల్ల ఏసుకునే సుక్కలు గూడ ఏసుకోకుండ వచ్చిందట. పరీక్ష అయింది గదా, ఇగ ఏసుకుంటనని ఏసుకున్నది. తర్వాత జర ఆయాసం వస్తుందన్నది."

"ఏం చుక్కలు?"

పద్మ చిన్న సీసా నా బల్ల మీద పెట్టింది. అప్పటికే తెచ్చి చేతిలో పట్టుకుని ఉంది. నేను అడిగేదాకా ఆగింది, అంతే. సీసా మీద టిమోలాల్ అని ఉంది.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. కంటిలో ఒత్తిడి పెరిగితే చూపు పోతుంది, ఆ ఒత్తిడిని తగ్గించే మంచి మందు అది. కానీ కంట్లో వేసిన చుక్క కంట్లోనే ఉండదు. కంటి మూల నుంచి ముక్కులోకి, అక్కడి నుంచి రక్తంలోకి పోతుంది. ఊపిరి గొట్టాల దగ్గర అడ్రినలిన్ వచ్చి తట్టే తలుపును మూసేస్తుంది. మేమిచ్చే పీల్చే మందు తట్టేది కూడా ఆ తలుపునే. అవతల ఎసిటైల్‌కోలిన్ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఆమె రోజుకు రెండుసార్లు తలుపు మూసుకుంటూ ఉంటే, నేను బయట నిలబడి మందు మార్చి మార్చి తలుపు కొట్టాను.

ఆ చుక్కలు రాసిన కంటి డాక్టరును తప్పుపట్టే ముఖం నాకు లేదు. ఆయన రాసినప్పుడు ఆమెకు ఆయాసం లేదు. ఆయాసం వచ్చాక ఆమె వచ్చింది నా దగ్గరికి. నేను గోలీల గురించే అడిగాను. ఆమె అడిగినదానికి నిజమే చెప్పింది.

ఎప్పటి నుంచి వేసుకుంటున్నారని రహమత్ బీని అడిగాను. ఆమె వేళ్ళ మీద లెక్క పెట్టి, దమ్ము మొదలవడానికి నెల ముందు నుంచి అని చెప్పింది. ఆ చుక్కలు ఉన్నపళంగా మానేస్తే కళ్ళకు ప్రమాదం కాబట్టి, అప్పటికప్పుడు కంటి డాక్టరుకు ఫోన్ చేసి, చీటీ రాసిచ్చి పంపాను. ఆయన అదే రోజు వేరే రకం చుక్కలకు మార్చారు. రెండు వారాలకు ఆమె నా క్లినిక్ మెట్లు ఆగకుండా ఎక్కింది. ఛాతీలో కూత లేదు. ఖాజా భాయ్ మాత్రం యథాప్రకారం గుమ్మం బయటే నిలబడ్డాడు.

వాళ్ళు వెళ్ళాక పద్మ, "పావురాల సంగతి చెప్పిండ్రా సార్?" అంది.

"ఫోన్ చేసి చెబుతాను."

"ఫోన్ల జెప్పేది కాదు సార్. ఇంటికి పోదాం పాండ్రి."

మామిడిపల్లిలో

ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. దారి పొడుగునా, పావురాలు తిరిగి తెప్పించే ఖర్చు నేను పెట్టుకుంటానని ఎలా చెప్పాలో మనసులో వాక్యాలు అల్లుకున్నాను. నా తప్పు ఖరీదు ఇరవై పావురాలనే అప్పటికీ అనుకుంటున్నాను.

చిన్న ఇల్లు. ముందు వరండా, లోపల ఒక గది. కుట్టుమిషన్ వరండాలో ఉంది, దాని పక్కనే చుట్టి పెట్టిన పరుపు, ఒక కంచం, నీళ్ళ చెంబు. ఖాజా భాయ్ గడప బయట ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. లోపల మంచం మీద రహమత్ బీ. ఆయన మమ్మల్ని లోపలికి రమ్మని, తాను పీట మీదే ఉండిపోయాడు.

"మీరూ లోపలికి రండి" అన్నాను.

"వద్దు సాబ్, ఈడ మంచిగనే ఉంది."

రహమత్ బీ నా వైపు చూడకుండా చెప్పింది. "పావురాలు పోయినయ్. అయినా దమ్ము తగ్గలే. గప్పుడు ఈయన, నా తోనే వస్తుందేమో, ఇన్నేండ్ల ధూళి నా ఒంట్లనే ఉందేమో అన్నడు. ఇల్లు దాటి పండుడు మొదలువెట్టిండు. బువ్వ గూడ ఆడనే. పక్కన కూసోమంటే, సాబ్ చెప్పిండు, నేనే మోసుకొస్తున్నట అంటడు. తగ్గినంక రమ్మంటే, దూరమున్న గద, అందుకే తగ్గిందంటడు."

కూర్చోమని ఎవరూ అనకపోయినా కూర్చున్నాను. ఆ మాట నేను ఎలా అన్నానో, అన్నాక ఆయన మొహం చూసి ఎంత సంతోషించానో గుర్తొచ్చింది. నెలల తరబడి ఆ మనిషి నా మాట పట్టుకుని సొంత ఇంటి గడప బయట బతికాడు. నేను దాన్ని మర్యాద అనుకున్నాను. అంత సిగ్గు నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

అల్లుకున్న వాక్యాలు ఒక్కటీ పనికిరాలేదు. కంటి చుక్కల సంగతి చెప్పాను. తలుపు, తాళం అంటూ పాఠం మొదలుపెట్టాను గానీ, పద్మ చూపు చూసి మానేశాను. "దమ్ము వచ్చింది కంటి చుక్కల వల్ల. పావురాల వల్ల కాదు. నేను పొరపాటు పడ్డాను" అన్నాను.

ఇంటి మీదుగా ఒక విమానం దిగుతోంది. ఖాజా భాయ్ ఆ చప్పుడు పోయేదాకా ఆగాడు.

"అయితే నా తోని కాదా సాబ్?"

"కాదు."

ఆయన లేచాడు. అలవాటు కొద్దీ చెంబు తీసుకుని చేతులు, మొహం కడుక్కున్నాడు. చొక్కా దులుపుకున్నాడు. గడప దాటి వచ్చి, మంచం పట్టె మీద కొసన కూర్చున్నాడు. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది. ఆయన ఇంకొంచెం లోపలికి కూర్చున్నాడు. తరువాత తమ దక్కనీ ఉర్దూలో, చిన్న గొంతుతో ఆమెకు ఏదో చెప్పడం మొదలుపెట్టాడు.

పద్మ నన్ను మోచేత్తో పొడిచింది. పొరపాటు పడ్డానని అన్నానే గానీ, క్షమించమని అడగలేదని అప్పుడు తెలిసింది.

"అమ్మా, నన్ను..." అని మొదలుపెట్టాను.

రహమత్ బీ చెయ్యెత్తింది. "జర ఆగుండ్రి సాబ్. ఆయన చెప్తుండు, విననియ్యుండ్రి."

నేను ఆగాను.